అండా అడుగు నీళ్లు

తిమ్మక్క ఇంట్లో వేడినీళ్లకు ఒక వరస ఉంది. దాన్ని ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలీదు. తప్పితే మాత్రం కొంప మునిగినట్టే. మొదట మామ గంగులప్ప. ఆయన తర్వాత మొగుడు మునిరత్నం. ఆ తర్వాత, నవ్వకండి, ఈమధ్య వరసలో చేరిన సీమావులు. అవును, ఆవులే. గోరువెచ్చటి నీళ్లలో తవుడూ చెక్కా కలిపి కుడితి పెట్టకపోతే పాలు తగ్గిపోతాయట. మామా, మొగుడూ, ఆవులూ అయ్యాక నీళ్లు కాచే అండాలో ఏమైనా మిగిలితే అది తిమ్మక్కది.

ఆ అండా కింద మంట పెట్టేదెవరు? తిమ్మక్కే. నీలగిరి తోపులో పుల్లలేరి, మోపు కట్టి నెత్తిన మోసుకొచ్చేదెవరు? ఆమే. బోరు కాడి నుంచి బిందె మీద బిందె తెచ్చి ఆ రాగి అండాను గొంతుదాకా నింపేదీ ఆమే. ఇంత చేసి, ఆఖరున తడిక చాటుకు పోయి చెంబు ముంచితే, అది అడుగుకు తగిలి ఠంగుమని మోగేది. "నీళ్లయిపోయినాయి మామా" అంటే, వాకిట్లో తల తుడుచుకుంటూ గంగులప్ప ఎప్పుడూ ఒకటే మాట. "అడుగునుండాయి సూడమ్మా. సన్నీళ్లు కలుపుకో."

పెళ్లయి పుంగనూరు నుంచి గుడుపల్లె అవతలి ఈ పల్లెకు వచ్చిన మర్నాడు విన్నది ఆ మాట. కొడుకు పుట్టి, పెరిగి, ఉద్యోగమని బెంగళూరు పోయినా ఆ మాట మాత్రం ఇంట్లోంచి పోలేదు. ధనుర్మాసపు చలిలోనూ అదే, జ్వరం వచ్చి లేచిన రోజూ అదే. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా తిమ్మక్కకు ఒళ్లు మండేది. ఒళ్లు మండినా ఒంటి మీద పడేవి మాత్రం చన్నీళ్లే.

నడుము నొప్పి ఎప్పుడు మొదలైందో ఆమెకే గుర్తులేదు. కరువు మొదలయ్యాక బోరు సన్నబడింది, టమోటా ఎండిపోయింది, మునిరత్నం శాంతిపురం కాడ రాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో మేస్త్రీగా చేరాడు. ఇంటి మీదికి రెండు సీమావులు వచ్చాయి. వాటి పేడా గడ్డీ, తవుడు మూటలు, పాలక్యాను అన్నీ తిమ్మక్క నడుము మీదే పడ్డాయి. మొదట్లో వంగితే పట్టేసేది. తర్వాత లేస్తే పట్టేసేది. ఇప్పుడు పడుకున్నా వదలడం లేదు. రాత్రిళ్లు పక్కకు తిరగాలంటే మంచం పట్టె పట్టుకుని పళ్లు కొరుక్కోవాల్సి వస్తోంది.

మదనపల్లెలో మేనత్త కూతురి పెళ్లికి పోయినప్పుడు అక్కడి ఆడవాళ్లే ఆమె నడక చూడలేక ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కుపోయారు. మునిరత్నమూ వెంట పోయాడు. డాక్టరు ఫోటో తీసి చూసి, నరం నలుగుతోందని చెప్పాడు. బరువులు మోయొద్దన్నాడు, విశ్రాంతి కావాలన్నాడు. వారానికి రెండు మూడుసార్లు వేడినీళ్లలో ఉప్పు వేసి నడుము మునిగేలా కూర్చోమన్నాడు. ఇప్పుడు చూసుకోకపోతే ముందుముందు కాలు ఈడ్చుకుంటూ నడవాల్సి వస్తుందని కూడా అన్నాడు. మునిరత్నం బుద్ధిమంతుడిలా తలూపాడు. బస్సెక్కి పుంగనూరు దాటేలోపలే ఆ తలూపుడంతా మరిచిపోయాడు.

"వేడినీళ్లలో కూసోవాలంట!" అని పక్క సీటాయనకు చెప్పి మరీ నవ్వాడు. "పని లేనోళ్లకు చెప్పాల్సిన మందు మనకు చెప్పినాడు సూడన్నా."

ఆ పక్క సీటాయన కూడా నవ్వాడు. ముక్కూ మొహం తెలియని మనిషి! తన నడుమును చూసి ఆయనెవడు నవ్వడానికి? తిమ్మక్క కిటికీ వైపు తిరిగి, పలమనేరు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడలేదన్న సంగతైనా మునిరత్నానికి తెలిసిందా అంటే, తెలియలేదు. ఆయన నిద్రపోయాడు.

అలాంటి రోజుల్లో ఇంటికి రాతి తొట్టి వచ్చింది.

మునిరత్నం పనిచేసే ఫ్యాక్టరీలో బెంగళూరు ఆసామి ఎవరికోసమో స్నానాల తొట్టి చేశారు. ఒకే బండను తొలిచి, లోపలా బయటా అద్దంలా పాలిష్ పట్టారు. అంతా అయ్యాక ఒక మూల వెంట్రుకంత గీటు కనబడింది. ఆ ఆసామి వద్దు పొమ్మన్నాడు. అది యార్డులో పడి ఉంటే మునిరత్నం ఓనరును అడిగి, ట్రాక్టరులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. పెరట్లో దించుతుంటే ఊళ్లో సగం మంది చూడటానికి వచ్చారు.

"మనిషి ఇందులో పండుకోని నీళ్లు పోసుకుంటాడంట!" అని మునిరత్నం చెబుతుంటే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. పక్కింటి బుజ్జమ్మ అయితే కొంగు నోట్లో కుక్కుకుంది.

తిమ్మక్క మాత్రం నవ్వలేదు. దగ్గరికి పోయి చేయి పెట్టి చూసింది. నున్నగా ఉంది. ఒక పక్క తల వాల్చుకోవడానికి వీలుగా ఏటవాలుగా తీశారు. కింద నీళ్లు పోవడానికి చిన్న బొక్క కూడా ఉంది. నడుము సరిగ్గా ఎక్కడ ఆనుతుందో ఆమె చేతికి తెలిసిపోయింది. మదనపల్లె డాక్టరు చెప్పింది గుర్తుకొచ్చింది.

"ఏమయ్యా, ఇది నా కోసమేనా తెచ్చినావు?" అని మెల్లిగా అడిగింది.

మునిరత్నానికి అర్థం కాలేదు. "నీకేం పనిమే దీంతో? సీమావులకు కుడితి తొట్టి. ఇంతకంటే మంచిది కుప్పంలో యాడ దొరుకుతాది?"

"ఇది మనిషి కోసం చేసిండేది గదా."

"అంత పెద్ద మనుషులు మనింట్లో యాడుండారు?"

మళ్లీ అందరూ నవ్వారు. గంగులప్ప కూడా కర్ర ఆనించుకుని నవ్వాడు. ఆ రోజే ఆ తొట్టి మూలనున్న గీటుకు మునిరత్నం సిమెంటు పూశాడు. కింది బొక్కకు కొయ్య బిరడా కొట్టాడు. సాయంత్రానికి బంగారి అందులో మూతి పెట్టి కుడితి తాగింది. బంగారి అంటే ఇంట్లో ఎక్కువ పాలిచ్చే ఆవు. దాని మెడలో గంట ఉంటుంది, నుదుట కుంకుమ ఉంటుంది, శుక్రవారమైతే హారతి కూడా.

కుప్పంలో అలావుద్దీన్ మందుల షాపు నడుపుతున్నాడు. ఆయన భార్య రబియాది పుంగనూరే. తిమ్మక్కా ఆమే ఒకే బెంచీలో కూర్చుని చదువుకున్నారు. నొప్పి మాత్రలు కొనడానికి పోయినప్పుడల్లా రబియా కౌంటరు వెనక స్టూలు వేసి కూర్చోబెట్టేది. ఈసారి తిమ్మక్క స్టూలు మీద కూర్చోవడానికి పడ్డ అవస్థ చూసి రబియా లేచి వచ్చి చేయి పట్టుకుంది.

"యా అల్లా! ఏమైందే తిమ్మీ నీకు? ముసిల్దానివైపోయినావే!"

తిమ్మక్క డాక్టరు సంగతీ, బస్సులో నవ్వులాటా, రాతి తొట్టీ అన్నీ వరసబెట్టి చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఏడ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. రబియా లోపలికి పోయి కిలో పొట్లమొకటి తెచ్చి ఒళ్లో పెట్టింది.

"ఇది మినరల్ ఉప్పు. బెంగళూరులో మా చెల్లెలు ఇంట్లోనే టబ్బులో ఏసుకోని కూచుంటాది. నేనూ బక్కెట్లో కాళ్లు పెట్టుకుంటా. నీకు ఏకంగా రాతి తొట్టే ఉండాది గదే! గోరువెచ్చని నీళ్లు పోసి, రెండు గుప్పిళ్లు ఏసి, అరగంట కూచో. తలుపేసుకో. ఎవురు పిలిచినా పలకొద్దు. సగం పని ఉప్పు సేస్తాది, సగం పని ఆ తలుపు సేస్తాది."

ఆ వారంలోనే అదను దొరికింది. మునిరత్నం ఫ్యాక్టరీకి పోయాడు. గంగులప్ప గుడుపల్లె సంతకని బయల్దేరాడు. ఆయన వీధి మలుపు తిరిగీ తిరగకముందే తిమ్మక్క తొట్టిని కొబ్బరిపీచుతో తోమి తోమి కడిగింది. పట్టపగలు అండా కింద మంట పెట్టింది. కాగిన నీళ్లు తొట్టిలో పోసి, రెండు గుప్పిళ్ల ఉప్పు వేసి, లంగాను పైకి కట్టుకుని లోపలికి దిగింది.

అమ్మా! ఆ వేడి నడుముకు తగలగానే ఆమె నోట్లోంచి వచ్చిన మాట అదొక్కటే. ఎవరో లోపలి ముడులన్నీ ఒక్కొక్కటే విప్పుతున్నట్టు అనిపించింది. రాతి ఏటవాలు మీద తల వాల్చింది. ఎదురుగా బంగారి నెమరు వేస్తూ ఆమెనే చూస్తోంది. "సూడు సూడు. ఇది నీ కోసం చేసింది కాదు, నాది" అని దానితో అనేసి, తనే నవ్వుకుంది. పెళ్లయ్యాక ఆ పెరట్లో ఆమె ఏ పనీ లేకుండా ఉన్నది అదే మొదలు. ఏ పనీ లేకుండా ఉండటం ఇంత బాగుంటుందని ఇన్నేళ్లూ తనకు ఎవరూ చెప్పలేదేం?

అరగంట నిండనే లేదు. వీధిలోంచి గంగులప్ప కర్ర చప్పుడు వినిపించింది. సంతకు పోయే బస్సు రాలేదట.

"పగటిపూట అండా కింద పొగ యాలమ్మా?"

తిమ్మక్క తడి బట్టలతోనే లేచి తడిక చాటుకు పరుగెత్తింది. ఆ తొందరలో మళ్లీ నడుము పట్టేసింది. సాయంత్రం కుడితి పోస్తే బంగారి తొట్టిలో మూతి పెట్టి, వాసన చూసి, తల తిప్పేసుకుంది. అంతే! తొట్టి సంగతి గంగులప్ప నోట అప్పటికే విన్న మునిరత్నం ఇంతెత్తున లేచాడు.

"ఆవు తాగే తొట్టిలో దిగి కూసుంటావా? సిగ్గుండాదా నీకు? పుల్లలు తగలేసి, నీళ్లు పారబోసి! రాణీగారి స్నానాలా?"

"డాక్టరు చెప్పింది నువ్వూ వింటివి గదా."

"డాక్టరు లక్ష చెప్తాడు. మనింటికొచ్చి పేడ తీస్తాడా ఆయన?"

"ఇల్లనినాక పద్ధతుండాలమ్మా" అన్నాడు గంగులప్ప అరుగు మీద నుంచి. మొదటి నీళ్లు పోసుకునేవాడికి పద్ధతి ఎంత తియ్యగా ఉంటుందో చెప్పాలా? తిమ్మక్క మిగిలిన ఉప్పు పొట్లాన్ని ఇంట్లో ఉంచితే పారేస్తారని, కొట్టంలో వాసానికి కట్టిన పలక మీద దాచింది. ఆ పలక మీదే ఆవుల మందులూ, పాలకేంద్రం వాళ్లిచ్చే పొడి పొట్లాలూ ఉంటాయి.

జరగకూడనిది ఆదివారం జరిగింది. తిమ్మక్క గుడ్డలుతకడానికి బోరు కాడికి పోయింది. ఆమె వచ్చేసరికి ఆలస్యమవుతుందని మునిరత్నమే కుడితి కలిపాడు. పలక మీద తెల్లటి పొడి పొట్లం కనబడింది. కిలో పొట్లం, సగానికి పైగా ఉంది. కిలో ఉప్పు ఒక ఆడమనిషి స్నానానికి దాచుకుంటుందని ఆయన కలలోనైనా అనుకోగలడా? ఆ ఇంట్లోకి మంచి వస్తువు ఏదొచ్చినా అది ఆవుకే. బలానికి పాలకేంద్రం ఇచ్చిన పొడి అనుకున్నాడు. చిటికెడు వేస్తే చాలదని, ఆవు మీది ప్రేమకొద్దీ ఉన్నదంతా కుమ్మరించి, బెల్లం కూడా కలిపి తాపాడు.

తిమ్మక్క గుడ్డల మూటతో వచ్చేసరికి పెరడంతా గగ్గోలుగా ఉంది. బంగారి ఆగకుండా నీళ్లలా పేడ పారుకుంటోంది. కళ్లు గుంటలు పడ్డాయి, కాళ్లు వణుకుతున్నాయి. మునిరత్నం తల పట్టుకుని తిరుగుతున్నాడు. గంగులప్ప దేవుళ్లందరికీ మొక్కుతున్నాడు. ఖాళీ పొట్లం తొట్టి పక్కనే పడి ఉంది. దాన్ని చూడగానే తిమ్మక్కకు జరిగిందంతా అర్థమైంది.

"అయ్యో, అది నా స్నానం ఉప్పు గదా!"

మునిరత్నం గిరుక్కున తిరిగాడు. "నీదా? విషం తెచ్చి కొట్టంలో పెడితివా? పశువు ప్రాణం తీస్తివి గదే!"

"నేను తాపలేదే! తాపింది నువ్వు. ఇంట్లో పెడితే పారేస్తావని ఆడ పెట్టుకుంటి."

"నోరు మూసుకోని మంట పెట్టు. డాక్టరుకు ఫోన్ చేసినా."

పశువుల డాక్టరు వెంకటేష్ మోటారు సైకిలు మీద వచ్చాడు. ఆవును చూశాడు, పొట్లం చూశాడు, నవ్వాపుకున్నాడు. "భయమేం లేదండీ. మలబద్ధకం వస్తే పశువులకు మేము కూడా ఇదే ఇస్తాం. మీరు కొంచెం ఉదారంగా ఇచ్చేశారు" అని ఇంజెక్షన్ చేసి, పోతూ పోతూ జాగ్రత్తలు చెప్పాడు. రెండు రోజులు పూర్తి విశ్రాంతి. మాటిమాటికీ గోరువెచ్చటి నీళ్లు. చలి తగలకుండా గోనె కప్పాలి. నడుమూ కాళ్లూ నీరసించి ఉంటాయి, వేడినీళ్లలో గుడ్డ ముంచి కాపడం పెడితే సుఖంగా ఉంటుంది.

మునిరత్నం ప్రతిదానికీ తలూపాడు. ఈసారి మరిచిపోలేదు. అండా నిండా నీళ్లు కాగాయి. ఆ రోజు ఆ నీళ్లకు వరసా లేదు, పద్ధతీ లేదు. గంగులప్ప తన నీళ్లు కూడా వద్దన్నాడు. "ముందు దాని సంగతి సూడండిరా" అన్నాడు. మునిరత్నం పంచె ఎగగట్టి, వేడిగుడ్డ పిండి, బంగారి నడుము మీద పరిచి, అరచేత్తో మెల్లగా అదుముతూ కూర్చున్నాడు. "ఏం కాదు తల్లీ, ఏం కాదు. నొప్పిగా ఉండాదా? పడుకో తల్లీ" అని దాని చెవిలో చెబుతున్నాడు. నాలుగోసారి అండా నింపడానికి బిందె ఎత్తబోయి తిమ్మక్క గోడ పట్టుకుని నిలబడిపోయింది. నడుములోంచి మంట కాలి వేళ్లదాకా పాకింది. మునిరత్నం తల కూడా తిప్పలేదు.

"నీళ్లు తొందరగా తేమే! గుడ్డ సల్లారిపోతాండాది."

బిందె తిమ్మక్క చేతిలోంచి జారిందో, ఆమే విసిరిందో చెప్పలేను. విసిరిందనే నేననుకుంటా. అది రాతి తొట్టికి తగిలి పెరడంతా మోగింది.

"మదనపల్లె డాక్టరు నాకు చెప్పిందీ ఇదే!" ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "విశ్రాంతి అన్నాడు, వేడినీళ్లన్నాడు, నడుము జాగ్రత్తన్నాడు. బస్సులో నవ్వితివే! ఊరూ పేరూ తెలీనోడితో కలిసి నా నడుమును సూసి నవ్వితివే! ఈ చెయ్యి ఒక్క దినమన్నా నా నడుము మీద ఏసినావా? నొప్పిగా ఉండాదా అని ఒక్క మాటన్నా అడిగినావా?"

మునిరత్నం బిత్తరపోయాడు. "నోరు లేని జీవం మే అది!"

"నాకు నోరుండాది. నోరు తెరిచి అడిగినా. అడిగితే నవ్వితివి. నోరు లేనిదానికి అడక్కుండానే సేస్తాండావు. అట్లయితే నాకీ నోరు యాలప్పా? నేనూ తోకాడించుకుంటా కొట్టంలో నిలబడుకోవాల్నా?"

గోడవతల బుజ్జమ్మ తల కనబడింది. గంగులప్ప సర్దబోయాడు. "కోపమొద్దమ్మా. పాలిచ్చే ఆవు. అది పడుకుంటే ఇల్లు పడుకుంటాది."

"నేను పడుకుంటే మామా?"

గంగులప్ప బంగారి మీది గోనె సర్దాడు, మునిరత్నం గుడ్డ పిండాడు. వాళ్లకు ఆ ప్రశ్న తగలనే లేదు. అది చూసి తిమ్మక్క "సరే. ఇంక అడగను" అని లోపలికి పోయింది. అలిగింది, రేపటికి సర్దుకుంటుంది అనుకున్నారు ఇద్దరూ. బంగారి సాయంత్రానికి తేరుకుని గడ్డి కొరికింది. ఇల్లంతా కుదుటపడింది, ఒక్క తిమ్మక్క తప్ప.

మర్నాడు తెల్లవారుజామున ఎప్పటిలాగే ఆమె లేచింది. ఎప్పటిలాగే రెండో ఆవు పాలు పితికి క్యాను మూత పెట్టింది. బంగారి మీది గోనె సర్ది, గోరువెచ్చటి నీళ్లు తాపింది. దాని మీద ఆమెకేం కోపం లేదు. తర్వాత బక్కెట్టుతోనే కొంచెం కొంచెంగా నీళ్లు తెచ్చి అండా నింపి మంట పెట్టింది. కాగినవి రాతి తొట్టిలో వంచి, మళ్లీ నింపి, మళ్లీ కాచింది. రబియా ఇచ్చిన ఉప్పు ఆవు కడుపులోకి పోయింది కదా. వంటింట్లో జాడీలో ఉన్న రాళ్లుప్పు మొత్తం తెచ్చి తొట్టిలో బోర్లించింది. ఇవాళ కూరలో ఉప్పుండదు. లేకపోతే పోనీ!

కుక్కలు దూరకుండా పెరటి తలుపుకు బయటి వైపున కూడా గొళ్లెం ఉంది. అది పెట్టింది. ఆవులను తోలే పక్క గేటుకు గొలుసు చుట్టింది. పాలక్యాను తెచ్చి తొట్టి పక్కనే పెట్టుకుంది. లంగా పైకి కట్టుకుని, మెడదాకా నీళ్లలోకి దిగి, తల వాల్చి కళ్లు మూసుకుంది.

మొదట మునిరత్నం వచ్చి తలుపు తోశాడు. "ఏమ్మే, తలుపు పట్టేసింది సూడు."

"పట్టేయలేదు. నేనే ఏసినా."

"యాల?"

"నీళ్లు పోసుకుంటాండా."

తలుపు మీద దబదబా గుద్దులు పడ్డాయి. "నీకేమన్నా పిచ్చి పట్టిందా? పాలబండి వస్తాది! క్యాను యాడ పెట్టినావు?"

"నా పక్కన్నే ఉండాది. నా వంతయినాక ఇస్తా."

మునిరత్నం వీధి గుమ్మంలోంచి తిరిగి పక్క గేటు దగ్గరికి వచ్చాడు. గొలుసు చూసి బూతు మాట మింగాడు. పెరటి చుట్టూ మనిషెత్తు రాతి కూసాలు గోడలా వరసగా పాతి ఉన్నాయి. ఎక్కడం కష్టమేమీ కాదు. ఆయన ఒక కూసం మీద చేయి వేశాడు.

అప్పుడు తిమ్మక్క గొంతెత్తింది. వీధి చివరిదాకా వినపడేలా అరిచింది. "అమ్మా, ఎవురూ ఇట్లా రావద్దండమ్మా! తిమ్మక్క నీళ్లు పోసుకుంటాండాది!"

ఆ మాట చాలు. ఆ ఊళ్లో ఆడమనిషి నీళ్లు పోసుకుంటోందని తెలిశాక మగవాడు అటు వైపు కన్నెత్తి చూడకూడదు. పాలకేంద్రానికి పోతున్న చెంగయ్య టక్కున వెనక్కి తిరిగి వేరే దారి పట్టాడు. బుజ్జమ్మ గుమ్మంలోకి వచ్చి, చీపురు చేత్తో పట్టుకుని, అందరూ వినేలా దీర్ఘం తీసింది.

"ఏమప్పా మునిరత్నం! ఆడమనిషి నీళ్లు పోసుకుంటాంటే గోడకాడ యాల నిలబడుకోనుండావు? సిగ్గుగా లేదా?"

"నా పెండ్లామేనక్కా!"

"పెండ్లామైతే మాత్రం!"

మునిరత్నం కూసం మీది నుంచి చేయి తీసేశాడు. ఇంతలో పాలబండి వచ్చి హారను కొట్టింది. రెండోసారి కొట్టింది. మూడోసారి కొట్టి, కాసేపు చూసి, తన దారిన పోయింది. ఆ చప్పుడు దూరమయ్యేదాకా తిమ్మక్క చెవులు రిక్కించి విన్నది. భయమేస్తుందనుకుంది. వేయలేదు. కోపం తగ్గుతుందనుకుంది. అదీ తగ్గలేదు. నీళ్ల వేడి నడుములోకి దిగుతున్నకొద్దీ ఇన్నేళ్ల చన్నీళ్లన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చి కోపం ఇంకా పెరిగింది. పచ్చి బాలింతగా ఉన్నప్పుడు పోసుకున్నవీ, అమ్మ పోయిందని తెలిసి పుంగనూరు పోయి వచ్చిన రోజు పోసుకున్నవీ.

"తిమ్మక్కా" అని పిలిచాడు మునిరత్నం గేటవతల నుంచి. గొంతు తగ్గింది. "పాలు పాడైపోతాయే."

ఆమె పలకలేదు. ఎవరు పిలిచినా పలకొద్దంది రబియా.

పొద్దు బాగా ఎక్కింది. ఎండ రాతి తొట్టి అంచు మీదికి వచ్చింది. మునిరత్నం ఫ్యాక్టరీకి పోవాల్సిన వేళ దాటింది. నీళ్లు పోసుకోకుండా పోయే అలవాటు లేక, ఏం చేయాలో తోచక వాకిట్లో తిరుగుతున్నాడు. తిమ్మక్క అప్పుడు కాలు చాపి చూసుకుంది. ఈడ్చినట్టు లేదు. పక్కకు తిరిగింది. నొప్పి ఉంది, కానీ పళ్లు కొరుక్కోవలసినంత లేదు. అయినా లేవలేదు. తొట్టి నీళ్లు చల్లారినప్పుడల్లా అండాలోంచి చెంబుతో వేడినీళ్లు కలుపుకుంటూనే ఉంది.

పెరటి తలుపు వెనకనుంచి ఈసారి కర్ర చప్పుడు వినిపించింది. గంగులప్ప భుజాన తువ్వాలుతో నిలబడి ఉంటాడు, ఆమె చూడకుండానే చెప్పగలదు. కోడలు స్నానం చేస్తుంటే తలుపు తట్టడానికి కూడా ఆయనకు మొహమాటంగా ఉంది. రెండుసార్లు దగ్గాడు.

"అమ్మా తిమ్మక్కా... పొద్దెక్కింది గదా. నాకు నీళ్లేమన్నా ఉండాయామ్మా?"

తిమ్మక్క తొట్టిలోంచి చేయి చాపి, పక్కనే ఉన్న అండాలో చెంబు ముంచింది. అది అడుగుకు తగిలి ఠంగుమంది. ఆ చప్పుడు తలుపవతల ఉన్న మనిషికి కూడా వినపడాలని ఆమె ఇంకోసారి గట్టిగా ముంచింది.

"అడుగునుండాయి మామా" అంది. "సన్నీళ్లు కలుపుకో."